వరసలో వైరు బుట్ట

మా అమ్మ నీళ్లలో దిగదు. కంభం చెరువుకు పోయినా కట్ట మీదే కూర్చుంటుంది. చర్చి వాళ్లమంతా కలిసి లారీ మాట్లాడుకుని చీరాల సముద్రానికి పోయినప్పుడు పాస్టరమ్మతో సహా ఆడవాళ్లందరూ చీరలు ఎగగట్టి అలల్లో గంతులేస్తుంటే, ఈమె ఒక్కతే ఇసుకలో చెప్పుల గుట్ట పక్కన కూర్చుంది. "నేను సంచుల కాడ ఉంటాలే, మీరు పోండి" అంటుంది. ఎక్కడికి పోయినా అదే మాట. మార్కాపురంలో ఎగ్జిబిషన్ పెడితే జెయింట్ వీల్ కింద మా చెప్పులు పట్టుకుని నిలబడేది. ఆ సంచుల్లో మాకు తెలియని బంగారం ఏమన్నా దాచిందేమోనని చిన్నప్పుడు నాకు అనుమానం. ఒకరోజు వెతికాను కూడా. తినే పప్పుచెక్కలు నాలుగు, ఒక తువ్వాలు, కొత్త నిబంధన పుస్తకం దొరికాయి.

నాకు ముక్కు మీద కోపం. నేను బడిలో టీచరమ్మను, పిల్లలు ఆ సంగతి మొదటిరోజే కనిపెట్టేస్తారు. అమ్మ మీద మాత్రం ఆ కోపం ఎప్పుడూ పనిచేయలేదు. నేను అరిచే కొద్దీ ఆమె ఇంకా స్థిమితంగా కూర్చుంటుంది.

ఈమధ్య ఆమె కూర్చోవడమే కష్టమైంది. మాది అర్ధవీడు దగ్గర పల్లె. మా బోరు నీళ్లు నోటికి తియ్యగానే ఉంటాయి కానీ వాటిలోని ఫ్లోరైడ్ ఎముకల్లోకి దిగుతుంది. అమ్మ జీవితమంతా ఆ నీళ్లే తాగింది, ఆ ఊరి చేలల్లోనే కూలి చేసింది. ఇప్పుడు మోకాళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. కిందికి సరిగా ఒంగలేదు, కూర్చుంటే ఏదో ఒక ఆసరా పట్టుకుంటే తప్ప లేవలేదు. మార్కాపురంలో డాక్టరు గారికి చూపిస్తే, మందులు రాసి, "రోజూ నడుముల్లోతు నీళ్లలో కాసేపు నడిపించండి, కీళ్ల మీద బరువు పడదు, హాయిగా ఉంటుంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "డాక్టరు గారూ, మాకు తాగేదానికే ట్యాంకరు రావాలి. నడుముల్లోతు నీళ్లు ఏ కొట్లో దొరుకుతాయో అది కూడా రాసివ్వండి" అన్నాను. ఆయన నవ్వేసి ఊరుకున్నారు. అమ్మ బయటికొచ్చాక, "డాక్టరును అట్ల అంటారా ఎవురన్నా" అని నన్నే తిట్టింది.

అలాంటి సమయంలో తమ్ముడు సింగపూరు రమ్మన్నాడు. వాడు ఐటీఐ ఫిట్టరు. అక్కడ ఊరికి ఆనుకుని ఒక దీవి ఉంది. దీవి మొత్తం ఒకే పెద్ద రిసార్టు. హోటళ్లు, తీగల మీద నడిచే పెట్టెలు, కొండ మీంచి జారే బండ్లు, పిల్లలు ఆడుకునే నీళ్ల పార్కు, అన్నీ ఒక్కచోటే. ఆ నీళ్ల పార్కులో పంపులు బాగు చేసే పని మావాడిది. నీళ్లు లేని ఊరిలో పుట్టి నీళ్లు తిప్పే పని చేస్తున్నాడని మా నాయన ఎగతాళి చేస్తుంటాడు. అక్కడ పనిచేసే వాళ్లు ఒక రోజు తమ ఇంటివాళ్లను ఉచితంగా లోపలికి తీసుకుపోవచ్చట. ఆ ఒక్క రోజు కోసం అమ్మ, నేను, ఏడో తరగతి చదివే మా పాప బయలుదేరాం. నాయన రాలేదు. "మీరు పోండి. మేకల్ని ఎవురు కాస్తారు? విమానం ఎక్కి పోయినాడని అవి మేత మానుకుంటాయా?" అన్నాడు.

నేను మాత్రం మనసులో ఒక్కటే పట్టు పట్టాను. ఈసారి అమ్మను నీళ్లలో దించాలి. ఇంకోసారి ఇంత దూరం తీసుకురాలేను, ఇంకో ఏడాది పోతే ఆ కాళ్లు విమానం మెట్లు కూడా ఎక్కలేవు.

ఆ రోజు పొద్దున దీవిలోకి పోయే ముందు తమ్ముడు మమ్మల్ని ఒక పెద్ద ఫలహారశాలకు తీసుకుపోయాడు. ఒకటే కప్పు కింద రకరకాల వంటల అంగళ్లు, మధ్యలో బల్లలు. జనం కిటకిటలాడుతున్నారు. ఒక బల్ల ఖాళీగా కనిపిస్తే నేను పరుగున పోయి కూర్చోబోయాను. తమ్ముడు చెయ్యి పట్టుకుని లాగాడు. బల్ల మీద చిన్న కాగితపు రుమాళ్ల పొట్లం ఒకటి ఉంది.

"అక్కా, అది ఎవరో పట్టుకున్న బల్ల. ఇక్కడ పొట్లం పెట్టి పోతే మనిషి కూర్చున్నట్టే. ఎవురూ ముట్టుకోరు."

నాకు నవ్వొచ్చింది. అమ్మకు నవ్వు రాలేదు. ఆ పొట్లం వైపు గౌరవంగా చూసి, "మన బిందెల లెక్కనే" అంది.

మా ఊరి బిందెల సంగతి తెలియని వాళ్లకు చెప్పాలి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. దాని కోసం నిలబడితే కూలి పోతుంది. అందుకని తెల్లవారే ఆడవాళ్లు వేపచెట్టు దగ్గర నుంచి బిందెలు వరసగా పెట్టి ఎవరి పనికి వాళ్లు పోతారు. బిందె లేనివాళ్లు పాత డబ్బా పెడతారు, అదీ లేకపోతే ఒక రాయి. బిందె పెడితే మనిషి నిలబడ్డట్టే. రెండు కుటుంబాలకు మాటల్లేకపోయినా, కత్తులు నూరుకుంటున్నా, ఒకరి బిందె ఇంకొకరు జరపరు. ట్యాంకరు వచ్చాక ఇంటికి ఒక వంతు. వంతు అయిపోయిన వాళ్లు పక్కకు జరగాల్సిందే. నేను ఎన్నో ఊళ్లలో ఉద్యోగం చేశాను గానీ, చదువుకున్న వాళ్ల మధ్య కూడా అంత కచ్చితమైన వరస చూడలేదు.

సరే, దీవిలోకి పోయాం. తీగ మీద వేలాడే పెట్టెలో కూర్చుని సముద్రం మీదుగా దాటుతుంటే పాప కేకలు పెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను. అమ్మ మాత్రం కిందికి చూసి, "ఇన్ని నీళ్లు పెట్టుకుని ఈళ్లకు తాగే నీళ్లకు కరువు లేదా?" అని అడిగింది. తాగే నీళ్లు సగం దాకా పక్క దేశం నుంచి గొట్టాల్లో తెచ్చుకుంటారని తమ్ముడు చెప్పాడు. అప్పటినుంచి ఆమెకు ఆ ఊరి మీద కొంచెం ఆపేక్ష కలిగినట్టుంది.

నీళ్ల పార్కు గుమ్మం దాటగానే ఒక పెద్ద బాన ఉంటుంది, మనిషి ఎత్తుకు ఎన్నో రెట్లు పైన. అది నిండి నిండి ఒక్కసారిగా తలకిందులై కింద ఉన్న పిల్లల మీద కుమ్మరిస్తుంది. పిల్లలంతా అరుస్తూ దాని కిందికే పరిగెడతారు. అది మొదటిసారి ఒరిగినప్పుడు అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని, "నాయనా, నీళ్లు పోతాండాయి, కట్టేయి!" అని తమ్ముడి మీద అరిచింది. ఆ నీళ్లు ఎక్కడికీ పోవని, కిందినుంచి మళ్లీ పైకి తోడి అవే పోస్తామని, అదే తన పని అని వాడు ఎంతో ఓపికగా చెప్పాడు. ఆమె నమ్మినట్టు తల ఊపింది గానీ, అది ఒరిగినప్పుడల్లా చీర కుచ్చిళ్లు పట్టుకుని కళ్లు తిప్పుకునేది.

సామాను పెట్టుకోవడానికి తాళాలున్న అరలు ఉన్నాయి. అంటే సంచుల కాడ ఎవరూ ఉండనక్కర్లేదు. నా సంతోషం చూడాలి. "ఇప్పుడు చెప్పు, ఏ సంచుల కాడ కూర్చుంటావో" అన్నాను. అమ్మ తన వైరు బుట్టను ఒళ్లోకి లాక్కుంది. "మాత్రలు ఉండాయి ఇందులో" అంది. పాప కోసం తెచ్చిన చెక్కలు స్టీలు డబ్బాలో ఉన్నాయి, డబ్బా తువ్వాల్లో కట్టి ఉంది, పక్కన నీళ్ల సీసా. అవన్నీ అరలో పెట్టనివ్వలేదు.

చీరతో నీళ్లలోకి రానివ్వరు. ఆ అడ్డంకి ముందే ఊహించి తమ్ముడు మెడ నుంచి మడమ దాకా కప్పే ఈత బట్టలు తెచ్చాడు, అక్కడి ముస్లిం ఆడవాళ్లు వేసుకునేవి. అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. "చీర కంటే నిండుగా ఉంది" అని మెచ్చుకుని వేసుకుంది కూడా. నేను లోపల గెలిచాననుకున్నాను. వేసుకుని వచ్చి, నీడలో ఒక రాతి బెంచీ మీద కూర్చుని, బుట్ట పక్కన పెట్టుకుని, "మీరు పోండి" అంది.

ఆ పార్కు చుట్టూ ఒక కాలువ ఉంది. సిమెంటు కాలువే గానీ ఏరులా మెల్లగా పారుతూ ఉంటుంది, నడుముల్లోతు. చెట్ల కిందుగా, చిన్న గుహల్లోంచి తిరిగి తిరిగి మళ్లీ మొదలైన చోటికే వస్తుంది. ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు గాలి నింపిన టైర్లలో కూర్చుని అలా తేలుతూ పోతున్నారు. డాక్టరు గారు రాసిచ్చిన నీళ్లు అచ్చం అవే. బడి సెలవులేమో జనం ఎక్కువగా ఉన్నారు. టైర్ల కోసం వరస కట్టించి కొద్దికొద్ది మందిని దించుతున్నారు.

"అమ్మా, ఆ కాలువ చూడు. అలలు లేవు, లోతు లేదు. నేను పక్కనే ఉంటా."

"నాకెందుకే ఇప్పుడు. మోకాళ్లు ఎట్ల వంగుతాయి, ఆ టైర్లో ఎట్ల కూర్చోవాల?"

"కూర్చోవద్దు, నడువు."

"అంత వరసలో నిలబడలేను బిడ్డా."

"నేను నిలబడతా."

"పాపను ఆడించుకో పో. నేను సంచుల కాడ ఉంటా."

నాకు తిక్క రేగింది. ఇంత దూరం, ఇన్ని ఏర్పాట్లు, ఆ నీళ్లు అక్కడే కళ్ల ముందు పారుతుంటే. "నీ ఇష్టం. కట్ట మీద కూర్చునేదానికి కంభం చాలదా, సింగపూరు దాకా రావాలా?" అనేసి పాప చెయ్యి పట్టుకుని జారుడు గొట్టాల వైపు పోయాను.

గొట్టంలోంచి జారి నీళ్లలో పడి లేచేసరికి కాలువ వైపు నుంచి విజిల్ వినిపించింది. చూస్తే టైర్ల వరస మొత్తం వెనక్కి జరిగి ఉంది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని దూరంగా పోతున్నారు. యూనిఫాం వేసుకున్న కాపలా మనిషి రెండు చేతులూ చాచి జనాన్ని ఆపుతున్నాడు. వాళ్లందరి మధ్యలో, ఖాళీ చోట, మా అమ్మ ఆకుపచ్చ వైరు బుట్ట ఒంటరిగా నిలబడి ఉంది. బుట్టలో తువ్వాలుతో బిగించి కట్టిన స్టీలు డబ్బా.

ఎవరూ లేని సంచి అంటే ఆ ఊళ్లో బాంబేమో అనుకుంటారని రైల్వే స్టేషనులో, బస్సులో బోర్డులు చూస్తూనే వచ్చాను.

తమ్ముడు ఎక్కడినుంచో పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, అది అమ్మ బుట్టే కదా? అమ్మ యాడ?"

అమ్మ అదే రాతి బెంచీ మీద ఉంది. హాయిగా, నిటారుగా, ఏదో పెళ్లిపెద్దలా కూర్చుని ఆ గొడవంతా చూస్తోంది. మమ్మల్ని చూడగానే ముఖం విప్పారింది.

"ఎంత మంచోళ్లు చూసినారా? నా బుట్టను ఒకరు గూడా జరపలేదు. ఎవురో తట్టుకుంటారని ఆ పిల్లోడు అందరినీ దూరంగా నిలబెట్టినాడు."

అప్పుడు నాకు అర్థమైంది. అమ్మ ఆ బుట్టను మరిచిపోలేదు. వరసలో పెట్టింది. పొద్దున బల్ల మీద పొట్లం చూసి, ఈ దేశంలో కూడా మనలాంటి మర్యాదే ఉందనుకుని, నిలబడలేని కాళ్లకు బదులుగా బుట్టను నిలబెట్టి వచ్చి కూర్చుంది. నీళ్లు వద్దనుకునే మనిషి మా ఊళ్లో బిందె పెట్టదు. వద్దు వద్దని నాతో అంటూనే, నేను అటు తిరగగానే పోయి వంతు పెట్టుకుంది. అంటే ఆమెకు ఆ నీళ్లు కావాలి. బహుశా ఎప్పుడూ కావాలనే ఉండేదేమో, కంభంలో, చీరాలలో కూడా. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

తమ్ముడికి అంత తీరిక లేదు. "అక్కా, మా సూపర్‌వైజరు వస్తాంది. అమ్మను బయటికి తీసుకుపోదాం పా. క్షమించమని చెప్పి పోదాం" అన్నాడు. వాడి భయం వాడిది. కానీ బయటికి పోతే ఈ జన్మకు అమ్మ మళ్లీ నీళ్ల దగ్గరికి రాదు.

సూపర్‌వైజరు టోపీ పెట్టుకున్న నడివయసు ఆమె, చేతిలో వాకీటాకీ. ఈ సంచి ఎవరిది, ఎందుకు వదిలేశారు అని గట్టిగా అడిగింది. తమ్ముడు చేతులు కట్టుకుని సారీ సారీ అంటున్నాడు. నేను వాడిని పక్కకు జరిపి నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఇది వదిలేసిన సంచి కాదు, ఇది మా అమ్మ. ఆమెకు కాళ్లు పనిచేయవు, అందుకని ఆమె తరఫున ఇది నిలబడి ఉంది. మా ఊళ్లో నీళ్ల కోసం ఇలాగే నిలబడతాం. మీరు తినేచోట బల్ల మీద రుమాళ్ల పొట్లం పెట్టి పోరా, అలాగే. అన్నీ ఒకే దమ్ములో అనేశాను. గొంతు కొంచెం లేచిందేమో కూడా.

ఆమె నన్ను చూసింది. బుట్టను చూసింది. బెంచీ మీద నల్లటి ఈత బట్టల్లో నిటారుగా కూర్చున్న మా అమ్మను చూసింది. "రుమాళ్ల పొట్లమా?" అని మళ్లీ అడిగింది. తమ్ముడు తల ఊపాడు. ఆమె నవ్వు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, పొట్ట పట్టుకుని నవ్వింది. కాపలా మనిషికి వాళ్ల భాషలో చెబితే అతనూ నవ్వాడు. అయినా వాళ్ల పద్ధతి ప్రకారం బుట్ట విప్పి చూపించాలన్నారు. అమ్మే వచ్చి తువ్వాలు ముడి విప్పి, డబ్బా మూత తీసి, చూపించమన్నది ఇచ్చేందుకే అనుకుని ఇద్దరి చేతుల్లో చెరొక చెక్క పెట్టింది.

"ఏమంటాండారు?" అని అడిగింది నన్ను.

"నీ వంతు వచ్చిందంటున్నారమ్మా" అన్నాను.

మోకాళ్లు వంగక టైర్లో కూర్చోలేదని చెబితే ఆ సూపర్‌వైజరే అమ్మకు నీళ్లలో తేల్చే గాలిచొక్కా తొడిగి, టైరును ముందు పట్టుకుని నడవమంది. నేనొక పక్క, పాప ఒక పక్క. మెట్ల మీద ఒక్కో అడుగూ దించాం. నీళ్లు నడుము దాకా రాగానే అమ్మ ఆగిపోయి కళ్లు మూసుకుంది. ప్రార్థన చేస్తోందనుకున్నాను. చేస్తున్నది అది కాదు. నీళ్ల కింద మోకాలు వంచి చూస్తోంది. ఒకటి, తర్వాత రెండోది. మళ్లీ మొదటిది.

"నొప్పి లేదే" అంది, నాతో కాదు.

తర్వాత ఆమె నడిచింది. నీళ్లే వెనకనుంచి నెడుతుంటే, చెట్ల నీడలో, చిన్నపిల్లలా మోకాళ్లు ఎత్తి ఎత్తి వేస్తూ నడిచింది. చేలో చాళ్లు దాటే రోజుల నాటి నడక అది, నేను మరిచిపోయిన నడక. పాప నీళ్లు చల్లితే తిరిగి చల్లింది. గుహలో చీకట్లో ఎవరికీ కనపడదనుకుని గట్టిగా నవ్వింది, ఆ నవ్వు గోడలకు తగిలి మాకే వినిపించింది. నేను నీళ్లలో ఉన్నాను కాబట్టి నా ముఖం తడిగా ఎందుకుందో ఎవరూ అడగలేదు.

ఒక చుట్టు తిరిగి మెట్ల దగ్గరికి రాగానే అమ్మ రెయిలింగు పట్టుకుని పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

"యాడికి? ఇంకో చుట్టు తిరుగు" అన్నాడు తమ్ముడు, ఒడ్డున నిలబడి.

"చాల్లే నాయనా. వెనక వంతోళ్లు ఉండారు."

"ఎన్నిసార్లయినా తిరగొచ్చమ్మా, ఎవరూ ఏమీ అనరు" అన్నాను.

"అట్ల ఎట్ల? అందరూ చూస్తాండారు గదా పాపం" అని, బయటికి వచ్చి, నీళ్లు కారుతూ, మళ్లీ ఆ కర్ర కాళ్లతో నిలబడింది. ముఖంలో వెలుగు మాత్రం ఇంకా ఉంది. బుట్ట చేతిలోకి తీసుకుంది. ఇక ఇంటికే అన్నట్టు.

సూపర్‌వైజరు దూరం నుంచి ఇదంతా చూస్తున్నట్టుంది. ఏమైంది, నచ్చలేదా అని తమ్ముడిని అడిగింది. వాడు చెప్పాడు. ఆమె ఈసారి నవ్వలేదు. జేబులోంచి రుమాళ్ల పొట్లం తీసి, వరసలో చిట్టచివరి మనిషి వెనకాల రెయిలింగు మీద పెట్టింది. అమ్మ వైపు చూసి, పొట్లాన్ని వేలితో తట్టి, నీడలో ఉన్న కుర్చీ చూపించింది.

మేమెవరమూ అమ్మకు చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె పొట్లాన్ని చూసింది, వరసను చూసింది, తన ముందు ఎంతమంది ఉన్నారో చూసుకుంది. పోయి కుర్చీలో కూర్చుంది. కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక నేను ఎన్నడూ చూడని పని చేసింది. వైరు బుట్టను నా చేతికిచ్చింది.

"సంచుల కాడ నువ్వుండు. నా వంతు వస్తే పోవాల."